సిగరెట్ మానేశాక పరగడుపు షుగరు పెరిగింది: మళ్లీ కాల్చమంటున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న: ప్రకాశం రైతు

అందరికీ నమస్కారం. నా వయస్సు 51 ఏళ్లు. ప్రకాశం జిల్లాలో పొగాకు, శనగ సాగు చేస్తాను. ఆరేళ్లుగా షుగరు ఉంది. రెండు పూటలా మెట్‌ఫార్మిన్, ఉదయం టిఫినుకు ముందు గ్లిమెపిరైడ్ వేసుకుంటున్నాను. ఇరవై రెండేళ్ల వయస్సులో సిగరెట్ అలవాటైంది. ఆకు కాల్చే రోజుల్లో బ్యారన్ దగ్గర రాత్రంతా మంట చూసుకుంటూ కూర్చుంటే తెల్లవారేసరికి పెట్టె ఖాళీ అయ్యేది. ఈ మధ్య ఎడమ కాలి బొటనవేలికి చిన్న పుండు పడి రెండు నెలల పాటు మానలేదు. అప్పుడు భయం పట్టుకుంది. తొమ్మిది వారాల క్రితం పూర్తిగా మానేశాను, ఇప్పటివరకు ఒక్కటి కూడా ముట్టలేదు.

నా సమస్య ఏమిటంటే, కాల్చే రోజుల్లో పరగడుపున 125 నుంచి 135 మధ్య ఉండే షుగరు ఇప్పుడు 150 దాటుతోంది, ఒక్కోరోజు 160 కూడా చూపిస్తోంది. రక్తపరీక్షలో (HbA1c) వచ్చే మూడు నెలల షుగరు సగటు 7.3 శాతం నుంచి 7.7కు పెరిగింది. బరువు 71 కిలోల నుంచి 74కు చేరింది. మందులు మార్చలేదు, భోజనం కూడా మునుపటిలాగే తింటున్నాననే నా నమ్మకం. మా బావమరిది మాత్రం, సిగరెట్టే షుగరును అదుపులో ఉంచిందని, రోజుకు రెండయినా కాలిస్తే మళ్లీ సర్దుకుంటుందని పట్టుబడుతున్నాడు. ఇంట్లో వాళ్లకు కూడా అనుమానం మొదలైంది. నిజంగానే పొగ షుగరును తగ్గిస్తుందా? తగ్గించకపోతే మానేశాక ఎందుకు పెరిగింది? ఈ పెరుగుదల ఎప్పటికైనా దిగుతుందా? మరొక సందేహం కూడా ఉంది. సీజనులో పచ్చి ఆకు కోసి కర్రలకు కట్టేటప్పుడు చేతులకు జిగురు పట్టేస్తుంది. ఆ రూపంలో నికోటిన్ నా ఒంట్లోకి వెళ్తుంటే నేను మానేసినట్టేనా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: విశాఖ వైద్యుడు

ముందుగా, తొమ్మిది వారాలు ఒక్కటి కూడా ముట్టకుండా ఉండడం చిన్న విషయం కాదు. కోరిక అన్నింటికంటే బలంగా ఉండేది మొదటి మూడు నాలుగు రోజులు, ఆ తర్వాత మరో మూడు నాలుగు వారాలు. మీరు ఆ దశ దాటేశారు. ఇప్పుడు ఒక అంకెను చూసి వెనక్కి వెళ్లవద్దని, వైద్యుడిగా నేను చెప్పదలచుకున్న మొదటి మాట ఇదే.

మీ బావమరిదిగారి మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థమవుతోంది, ఎందుకంటే ఆయన చూసింది నిజమే: మానేసిన తర్వాతే అంకె పెరిగింది. కానీ దాని నుంచి ఆయన తీసిన కారణం తప్పు. సిగరెట్ షుగరును తగ్గించదు. పొగ పీల్చిన కొన్ని సెకన్లలోనే నికోటిన్ మెదడుకు చేరుతుంది, అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను విడుదల చేస్తాయి, ఆ అడ్రినలిన్ కాలేయంలో దాచి ఉంచిన గ్లూకోజును రక్తంలోకి తోసేస్తుంది. అదే సమయంలో కండరాలు ఇన్సులిన్ మాట సరిగా వినడం మానేస్తాయి. రోజుకు పది పదిహేను సార్లు ఇది జరిగితే ఒంట్లో ఇన్సులిన్ నిరోధకత స్థిరపడిపోతుంది. పొగ తాగేవారికి పొట్ట చుట్టూ కొవ్వు పేరుకోవడం కూడా ఎక్కువే, బయటికి సన్నగా కనిపించినా సరే. అమెరికా సర్జన్ జనరల్ 2014లో వెలువరించిన నివేదిక, పొగ తాగడం టైప్ 2 మధుమేహానికి ఒక కారణమని స్పష్టంగా తేల్చింది, తాగనివారితో పోలిస్తే తాగేవారికి ఆ ముప్పు 30 నుంచి 40 శాతం ఎక్కువని చెప్పింది.

అలాంటప్పుడు మానేశాక ఎందుకు పెరిగింది? ఇక్కడ బ్రిటన్‌లో జరిగిన ఒక అధ్యయనం మీ సందర్భానికి చాలా దగ్గరగా ఉంటుంది. టైప్ 2 మధుమేహం ఉండి పొగ తాగే 10,692 మంది వైద్య రికార్డులను పరిశీలించి 2015లో ప్రచురించారు. మానేసినవారిలో మొదటి ఏడాది మూడు నెలల సగటు సుమారు 0.21 పెరిగింది, అంటే 7.3 ఉన్నవారికి 7.5 అయినట్టు. ఆ తర్వాత నెమ్మదిగా దిగుతూ వచ్చి, మూడేళ్లకు కాలుస్తూ ఉన్నవారి స్థాయికి చేరింది. బరువు పెరగడమే దీనికి కారణమని అందరూ అనుకుంటారు గానీ, ఆ అధ్యయనంలో బరువుతో మాత్రమే ఆ పెరుగుదలకు లెక్క సరిపోలేదు. కాబట్టి మానేసిన ఏడాదిలో షుగరు కొంత పెరగడం వైద్యులు ఎదురుచూసే విషయమే. అది మీ తప్పు కాదు, మీ నిర్ణయం తప్పని చెప్పే గుర్తూ కాదు.

ఆకలి సంగతి వేరు. నికోటిన్ ఆకలిని అణచి ఉంచుతుంది, ఒళ్లు ఖర్చు చేసే శక్తిని కొద్దిగా పెంచుతుంది. అది పోయినప్పుడు రెండూ తిరగబడతాయి. మానేసినవారు మొదటి ఏడాదిలో సగటున నాలుగైదు కిలోలు పెరుగుతారు, అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. మీరు పెరిగిన మూడు కిలోలు ఆ లెక్కలోనే ఉన్నాయి. అప్పటివరకు మధుమేహం లేనివారి మీద అమెరికాలో జరిగి 2018లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం కూడా ఇక్కడ గుర్తుచేసుకోదగినది. మానేసిన తర్వాత అయిదు నుంచి ఏడేళ్ల మధ్య మధుమేహం వచ్చే అవకాశం తాత్కాలికంగా ఎక్కువై, ఆ తర్వాత తగ్గుతూ వచ్చింది, ఆ పెరుగుదల బరువు ఎంత పెరిగితే అంత కనిపించింది, బరువు పెరగనివారిలో అది కనిపించలేదు. అంతకంటే ముఖ్యమైన విషయం, బరువు పెరిగినా పెరగకపోయినా మానేసినవారిలో గుండె జబ్బుల మరణాలు తగ్గాయి.

అయితే మీ సగటు 0.2 కాదు, 0.4 పెరిగింది. కనుక మానేయడం ఒక్కటే కాకుండా ఇంకేదో తోడై ఉంటుందని నా అనుమానం. కొన్ని ప్రశ్నలకు జవాబు రాయండి. సిగరెట్ గుర్తొచ్చినప్పుడు నోట్లో ఏం వేసుకుంటున్నారు? రోజుకు ఎన్ని టీలు తాగుతున్నారు, అందులో చక్కెర ఎంత? రాత్రి నిద్ర ఎలా ఉంది? స్ట్రిప్పు మీద రక్తం పెట్టేముందు చేతులు కడుక్కుంటున్నారా?

టీ గురించి అడగడానికి ఒక కారణం ఉంది. పొగలోని తారు కాలేయంలో కెఫీన్‌ను కరిగించే ఎంజైమును వేగవంతం చేస్తుంది. మానేసిన కొన్ని రోజులకే ఆ వేగం తగ్గిపోతుంది. మునుపటిలాగే అయిదు టీలు తాగితే రక్తంలో కెఫీన్ ఇంచుమించు రెట్టింపు అవుతుంది. నిద్ర చెడుతుంది, గుండె దడ వస్తుంది. నిద్ర సరిగా లేని రాత్రి తర్వాత పరగడుపు షుగరు ఎక్కువగా కనబడడం నా రోగులలో తరచుగా చూస్తుంటాను.

ప్రకాశం రైతు

డాక్టరుగారికి కృతజ్ఞతలు. మీరు అడిగిన తర్వాత నిన్నంతా గమనించుకున్నాను. సిగరెట్ ఉండే చొక్కా జేబులోనే ఇప్పుడు రంగురంగుల చక్కెర పూత సోంపు పొట్లం పెట్టుకుంటున్నాను. కోరిక పుట్టినప్పుడల్లా అరచేతిలో వంపుకొని వేసుకుంటున్నాను. సాయంత్రానికి లెక్క చూస్తే పెద్ద పొట్లం అయిపోయింది. దానితోపాటు పుదీనా బిళ్ళలు కూడా పదికి తక్కువ కావు. ఇవి భోజనం కిందికి రావనుకొని ఎప్పుడూ లెక్కపెట్టలేదు. టీలు రోజుకు ఆరు. రాత్రి ఒంటిగంట దాకా నిద్ర పట్టడం లేదు, వయస్సు వల్ల అనుకున్నాను.

జవాబు: ఇందూరు వాసి

అన్నా, మీరు షుగరు పెరిగిందని రాశారు, నాకు దానికి పూర్తిగా వ్యతిరేకంగా జరిగింది. ఇన్సులిన్ తీసుకునేవారు ఎవరైనా ఈ చర్చ చదివితే ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

నేను పన్నెండేళ్లుగా రెండు పూటలా ఇన్సులిన్ సూది వేసుకుంటున్నాను. నిజామాబాద్‌లో మా ఇల్లు ఉన్న వాడలో ప్రతి రెండో గుమ్మం ముందు బీడీలు చుట్టే ఆడవాళ్లు కనబడతారు. చేతికందే దూరంలోనే బీడీ ఉంటుంది కనుక రోజుకు రెండు కట్టలు తాగేవాణ్ణి. మానేసిన మూడో వారంలో ఒక రాత్రి సుమారు మూడు గంటలకు ఒళ్లంతా చెమటతో మెలకువ వచ్చింది. బనీను పిండితే నీళ్లు కారేలా తడిసిపోయింది, చేతులు వణుకుతున్నాయి, విపరీతమైన ఆకలి, కోపం. అంతకుముందు వారం నుంచి పగటిపూట కూడా ఇలాగే ఉంటే, బీడీ మానినందుకు ఒళ్లు అలా చేస్తోందని ఓర్చుకుంటూ వచ్చాను. ఆ రాత్రి నా భార్య పట్టుబట్టి వేలికి పొడిచి చూస్తే మీటరు 52 చూపించింది. గ్లాసు నీళ్లలో మూడు చెంచాల చక్కెర కలిపి తాగించింది. పావుగంట తర్వాత 81 అయింది.

మరునాడు మా డాక్టరుగారు కారణం చెప్పారు. నికోటిన్ చర్మం కింది సన్నని రక్తనాళాలను బిగదీస్తుంది, అందువల్ల సూదితో వేసిన ఇన్సులిన్ నెమ్మదిగా ఒంట్లోకి వెళ్తుంది. మానేశాక నాళాలు తెరుచుకుంటాయి, అదే మోతాదు త్వరగా, ఎక్కువగా అందుతుంది. దానికి తోడు ఇన్సులిన్ నిరోధకత కూడా తగ్గుతుంది. నా రాత్రి మోతాదును ఆయన 22 యూనిట్ల నుంచి 18కి తగ్గించారు. మోతాదు ఎవరికి వారు తగ్గించుకోకూడదని, అది మీటరు చూసి డాక్టరే చేయాలని కూడా చెప్పారు.

నేను నేర్చుకున్నది ఒక్కటే. చెమట, వణుకు, చిరాకు, ఆకలి అనేవి బీడీ మానినందుకూ వస్తాయి, షుగరు పడిపోయినా వస్తాయి. ఈ రెండింటినీ మనసుతో విడదీయలేం, మీటరుతోనే విడదీయగలం. 70కి తగ్గితే వెంటనే మూడు చెంచాల చక్కెరో, గ్లూకోజు పొడో తీసుకుని, పావుగంట ఆగి మళ్లీ చూడాలి. మీరు వేసుకునే గ్లిమెపిరైడ్ కూడా షుగరును కిందికి పడేయగల మందేనని ఆయన అన్నారు. రేపు మీరు సోంపు మానేసి, అన్నం తగ్గించి, పొలంలో తిరగడం ఎక్కువ చేస్తే దీన్ని గుర్తుంచుకోండి.

జవాబు: శ్రీకాకుళం కోడలు

ఇదే విషయంలో నాకు ఒక సందేహం ఉంది, వేరే ప్రశ్నగా పెట్టకుండా ఇక్కడే అడుగుతున్నాను. మా అత్తగారికి 66 ఏళ్లు. మా సముద్రతీర గ్రామాల్లో ఆ వయస్సు ఆడవాళ్లకు అడ్డపొగ అలవాటు ఉంది, అంటే చుట్ట నిప్పున్న కొసను నోటిలోపల పెట్టుకుని తాగుతారు. షుగరు బయటపడ్డాక ఆమెను ఎంతో బతిమాలి చుట్ట మాన్పించాం. కానీ ఇప్పుడు ఖైనీ నలిపి దవడకు పెట్టుకుంటున్నారు. పొగ లేదు గదా, షుగరుకు ఇబ్బంది లేదని ఆమె వాదన. ఈ మాటలో నిజమెంత?

జవాబు: గుంటూరు ఫార్మసిస్టు

అమ్మా, మీ అత్తగారు చుట్ట మానడం మాత్రం ఎంతో మేలు చేసే పని. నిప్పు లోపలికి పెట్టుకోవడం వల్ల అంగిలికి వచ్చే క్యాన్సర్ మన ఉత్తరాంధ్ర తీరంలో వైద్యులు దశాబ్దాలుగా చూస్తున్న జబ్బు. అంగిలి మీద తెల్ల మచ్చలు, పుండ్లు ఉన్నాయేమో దంతవైద్యునికి ఒకసారి చూపించండి. ఖైనీ విషయానికి వస్తే, ఆమె వాదన సరైనది కాదు. పొగ పోయింది గాని నికోటిన్ పోలేదు. దవడకు పెట్టిన ఖైనీ నుంచి అరగంట పాటు నికోటిన్ రక్తంలోకి దిగుతూనే ఉంటుంది, డాక్టరుగారు పైన రాసిన అడ్రినలిన్ కథ అక్కడా నడుస్తుంది. పైగా చిగుళ్లు చెడతాయి. చిగుళ్ల జబ్బు ఉన్నవారికి షుగరు అదుపు కావడం కష్టం, షుగరు అదుపులో లేనివారికి చిగుళ్లు మానడం కష్టం, ఒకదాన్ని ఒకటి పట్టి లాగుతాయి.

మా దుకాణానికి వచ్చేవారు తరచుగా అడిగేది నికోటిన్ చూయింగ్ గమ్ గురించి. రెండు మిల్లీగ్రాముల గమ్‌ను మన దేశంలో చీటీ లేకుండానే అమ్ముతారు. అందులోనూ నికోటినే ఉంది కనుక షుగరు ఉన్నవారు దాన్ని ఏళ్ల తరబడి నములుతూ ఉండకూడదు. కానీ కొన్ని వారాల పాటు వాడి, మోతాదు తగ్గిస్తూ ఆపేయడానికి అది మంచి సాధనం, పొగతో పోలిస్తే నికోటిన్ నెమ్మదిగా, తక్కువగా అందుతుంది, తారు, కార్బన్ మోనాక్సైడు ఉండవు. చాలామంది దాన్ని మామూలు గమ్‌లా గబగబా నమిలి, కడుపులో మంట వస్తోందని మూడో రోజుకే పారేస్తారు. మెల్లగా నాలుగైదు సార్లు నమిలి, నాలుక చురుక్కుమనగానే ఆపి, బుగ్గకు చేర్చి ఉంచాలి. ఆ చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. అలా అరగంట. నమలడానికి పావుగంట ముందు టీ, కాఫీ తాగితే నికోటిన్ సరిగా అందదు.

మాత్రలు కూడా ఉన్నాయి, వాటికి డాక్టరు చీటీ తప్పనిసరి. వాటిలో బుప్రోపియాన్ అనే మందు అడిగేవారికి మేము ఒక జాగ్రత్త చెబుతాం. ఆ మందుతో అరుదుగా మూర్ఛ వచ్చే అవకాశం ఉంది, ఇన్సులిన్ గాని గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గాని వాడేవారికి షుగరు పడిపోతే ఆ అవకాశం ఇంకా పెరుగుతుంది. కాబట్టి మీరు వాడే షుగరు మందులన్నీ డాక్టరుకు చెప్పిన తర్వాతే అది మొదలుపెట్టాలి. ఈ-సిగరెట్ తెప్పించుకుంటామని అడిగేవారూ ఉన్నారు. మన దేశంలో 2019 నుంచి వాటి అమ్మకం నిషిద్ధం, అందులో ఉండేది కూడా నికోటినే. మాట సాయం కావాలంటే కేంద్ర ప్రభుత్వ ఉచిత ఫోను 1800-11-2356 ఉంది.

జవాబు: విజయవాడ ఉద్యోగి

నాది కొంచెం వేరే అభిప్రాయం. రెండు యుద్ధాలు ఒకేసారి చేయడం ఎవరికైనా కష్టమే. ముందు ఆరు నెలలు షుగరును దారికి తెచ్చుకుని, ఆ తర్వాత సిగరెట్ మానితే మంచిది కాదా? అప్పటిదాకా రోజుకు రెండు మూడు కాలిస్తే పెద్ద నష్టం ఏముంటుంది?

జవాబు: విశాఖ వైద్యుడు

మీ ప్రశ్న సద్భావంతోనే అడిగారని తెలుసు, కానీ ఈ విషయంలో నేను ఒప్పుకోలేను. షుగరును మేము తగ్గించేది అంకె కోసం కాదు, ఆ అంకె వెనుక ఉన్న రక్తనాళాల కోసం. నా దగ్గరికి కాలి పుండుతో వచ్చినవారి పాదం పైభాగాన, చీలమండ లోపలి వైపున రెండు వేళ్లు పెట్టి నాడి చూస్తాను. చాలాకాలం పొగ తాగిన షుగరు రోగులలో ఆ నాడి కొన్నిసార్లు దారంలా సన్నగా తగులుతుంది, కొన్నిసార్లు అసలు తగలదు. ఆ కాలికి రక్తం అందడం లేదన్నమాట. అలాంటి కాలికి పుండు పడితే సగటు 6.5 ఉన్నా మానదు. పరగడుపు షుగరు 150 ఉంటే దాన్ని తగ్గించడానికి నా దగ్గర నాలుగైదు రకాల మందులున్నాయి. మూసుకుపోయిన నాళానికి అంత సులభమైన మందు లేదు. రోజుకు రెండు మూడే అయినా గుండెకు, కాళ్లకు జరిగే నష్టం ఆ నిష్పత్తిలో తగ్గిపోదు, పైగా తొమ్మిది వారాలు మానిన మనిషి రెండింటి దగ్గర ఆగడం నేను చూడలేదు.

ప్రకాశం రైతుగారూ, మీ సోంపు పొట్లమే మిగిలిన లెక్క చెప్పిందని నా అభిప్రాయం. చక్కెర పూత లేని వేయించిన సోంపు, లవంగం, దాల్చినచెక్క ముక్క, కీర ముక్కలు, ఉప్పు లేని వేరుశనగలు గుప్పెడు, వీటిలో మీకు నచ్చింది జేబులో పెట్టుకోండి. టీలు మూడింటికి తగ్గించి, చివరిది మధ్యాహ్నం మూడు గంటలలోపు తాగండి. రాత్రి భోజనం తర్వాత ఇరవై నిమిషాలు నడవండి, కాలి పుండు పూర్తిగా మానితేనే, చెప్పులు లేకుండా మాత్రం వద్దు. ఇవన్నీ ఒకేసారి మార్చుతున్నారు కనుక మొదటి రెండు వారాలు పరగడుపున, మధ్యాహ్న భోజనానికి ముందు షుగరు చూసి రాసుకోండి, ఇందూరు సోదరుడు చెప్పినట్టు ఒళ్లు తేడాగా ఉన్నప్పుడు కూడా చూడండి. ఆ కాగితం మీ డాక్టరుగారికి చూపిస్తే మందు పెంచాలా, అలాగే ఉంచాలా అన్నది ఆయన తేల్చగలరు.

పచ్చి ఆకు సంగతి మరిచిపోలేదు. తడి ఆకు మీద మంచో వాన నీరో ఉన్నప్పుడు నికోటిన్ అందులో కరిగి చర్మం గుండా ఒంట్లోకి చేరుతుంది. పొగాకు కోసేవారికి వికారం, వాంతులు, తలతిరగడం వచ్చే పచ్చాకు జబ్బు ఇదే. అది సిగరెట్ కాల్చడంతో సమానం కాదు, మీరు మానేసినట్టే. కానీ ఆకు మీద తడి ఆరాక పని మొదలుపెట్టండి, రబ్బరు చేతితొడుగులు, నిండు చేతుల చొక్కా వేసుకోండి, పని కాగానే సబ్బుతో కడుక్కోండి. చేతికి జిగురు ఉండగా వేలు పొడిచి షుగరు చూడకండి.

ప్రకాశం రైతు

అయిదు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. చక్కెర సోంపు, పుదీనా బిళ్ళలు పూర్తిగా ఆపేశాను. జేబులో ఇప్పుడు లవంగాలు, వేయించిన సోంపు ఉన్న చిన్న డబ్బా ఉంటోంది. టీలు మూడు. మొదటి వారం తలనొప్పి వచ్చింది, ఆ తర్వాత పదిన్నరకల్లా నిద్ర పడుతోంది. పరగడుపు షుగరు గత పది రోజులుగా 134 నుంచి 142 మధ్య ఉంటోంది. ఒకరోజు మధ్యాహ్నం శనగ చేలో ఉండగా చెమటలు పట్టి చేతులు వణికితే, సిగరెట్ కోరికేనేమో అనిపించినా మీటరు తీసి చూశాను, 66 ఉంది. సంచిలో ఉన్న గ్లూకోజు పొడి నీళ్లలో కలిపి తాగాను. మా డాక్టరుగారు ఆ కాగితం చూసి గ్లిమెపిరైడ్ మోతాదు సగానికి తగ్గించారు. బరువు 74 దగ్గరే ఆగింది, ఇంకా దిగలేదు.

కాలి నాడి కూడా చూడమని నేనే అడిగాను. రెండు పాదాల్లోనూ తగులుతోందని, ఎడమ వైపు కొంచెం బలహీనంగా ఉందని చెప్పి, రక్తప్రసరణ తెలిపే డాప్లర్ పరీక్ష రాశారు. వచ్చే సోమవారం ఒంగోలులో అది చేయించుకుంటున్నాను. మా బావమరిదే మోటారు సైకిల్ మీద తీసుకెళ్తానన్నాడు.